తొమ్మిదో నెల ఆచారాలు

తొమ్మిదో నెల పడిందంటే ఇంట్లో ఆడవాళ్ళకి ఊపిరి సలపదు. మగాడే ఏం చేయాలో తోచక తిరుగుతుంటాడు. యూదుల ఆచారం అతనికీ ఒక పని చూపించింది. వాళ్ళ ప్రార్థనామందిరమైన సినగాగులో, పవిత్ర గ్రంథం తోరా చుట్టలుంచే మందసానికి తెర ఉంటుంది. ప్రార్థనలో దాన్ని తొలగించి తలుపులు తెరవడం గౌరవం. నెలలు నిండిన ఇల్లాలి భర్తకు ఆ గౌరవం ఇస్తారు. ఆ తలుపుల్లాగే ఆమె గర్భద్వారమూ సులువుగా తెరుచుకోవాలని. 18వ శతాబ్దపు జెరూసలేం పండితుడు హయిమ్ యోసెఫ్ దావిద్ అజులాయ్ ఈ ఆచారాన్ని గ్రంథస్థం చేశాడు. పదిమంది ముందు ఆ తలుపు తీసిన మనిషి తన భయాన్ని దాచుకోనక్కర్లేదు. నాకిది ఎంతో ఇష్టం.

కడుపు పండిందని తెలిస్తే యూదులు అభినందించరు, శుభ ఘడియలో జరగాలని దీవిస్తారు. చాలా అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా యూదు) కుటుంబాలు బిడ్డ పుట్టేదాకా ఉయ్యాలా బట్టలూ ఇంటికి తేవు. దిష్టి భయం ఒకటి. కాన్పులో తల్లీబిడ్డల్ని పోగొట్టుకున్న తరాల జ్ఞాపకం కూడా అందులో ఉందనుకుంటాను. వాళ్ళ గ్రంథంలోని రాహేలు కన్నుమూసింది కాన్పులోనే కదా. ఒట్టోమన్ నేలల సెఫార్దీ యూదులు మాత్రం ముందే సంబరం చేసుకునేవారు. తల్లిదండ్రులిద్దరూ ఉన్న స్త్రీ చేత బిడ్డ తొలి గుడ్డ కత్తిరించి, దానిమీద చక్కెర పూసిన బాదంపప్పులు చల్లేవారు.

అన్నిటికంటే నన్ను కదిలించేది ఎత్రోగ్. మాదీఫలమే అది. యూదుల పర్ణశాలల పండగలో దీన్ని పూజకు వాడతారు. తొడిమకు ఎదురు కొసనున్న బుడిపె విరిగితే పండు పూజకు పనికిరాదు. అందుకే మెత్తటి నారలో పొదిగి కాపాడతారు. పండగ ఏడో రోజు, హోషానా రబ్బా నాడు, దాని పని తీరాక గర్భిణి ఆ బుడిపెను కొరికి ఒక వేడుకోలు చెప్పుకునేది. యిడ్డిష్ మాట్లాడే ఆడవాళ్ళు శతాబ్దాలుగా చదువుకున్న 'త్సెనా ఉరెనా' అనే గ్రంథంలో ఆ వేడుకోలు ఉంది. తొలి స్త్రీ హవ్వ తిన్న నిషిద్ధ ఫలం ఈ పండేనని ఒక నమ్మకం. ఈ ఏడు రోజులూ దీని రుచి కోరలేదు, ఆనాడు ఏదెను తోటలో ఉన్నా ఆ పండు ముట్టేదాన్ని కాదు, కాబట్టి ఆ శిక్ష నాకు వద్దు అని ఆ వేడుకోలు సారం. పురిటినొప్పులు హవ్వ చేసిన తప్పుకు శిక్ష అని చెప్పే గ్రంథాన్ని నమ్ముతూనే, ఆ తప్పులో నాకు పాలు లేదని దేవుడితో తేల్చి చెప్పిన గర్భిణి ఆమె. ఎంత ధైర్యం! తర్వాత ఆ పండును పంచదారలో ఉడికించి, కాన్పు సులువవుతుందని నెలలు నిండిన ఆడవాళ్ళకు పెడతారు.