ఆపుటకు ముందొక ప్రశ్న

కనులకు గనబడక పనిచేయువారిని ఆ పని చెడినప్పుడే మనము తలంతుము. ఇంట వంటచేయు తల్లి సంగతియు నింతే. కంప్యూటరులో తెరవెనుక నడచు సర్వీసుల సంగతియు నింతే.

నేను కొలువుచేసిన యొక సంస్థలో, జావా భాషలో వ్రాసిన సర్వీసొకటి రాత్రులందు ఖాతాలు సరిచూచుచుండెడిది. వారమున కొకటి రెండు మారులు అది నిలిచిపోయెడిది. చావదు, కదలదు. మేము దాని నాపి మరల నడిపెడివారము. తెల్లవారుసరికి అంతయు సవ్యమే. నిందమాత్రము రాత్రి పనిలోనుండు యువతిపై బడెడిది. ఆమెకు పని తెలియదని పెద్దలనిరి. నేనును కాదనలేదు.

ఒకనాటి రాత్రి ఆమెయే, "అయ్యా, ఆపకముందు అది యేమి చేయుచున్నదో యొక్కమారు చూడరాదా?" యని యడిగెను.

చూచుటకు సాధనము లేకపోలేదు. జావా ప్రోగ్రాములో అనేక థ్రెడ్డులు, అనగా పనిపోగులు, ఏకకాలమున నడచును. ఏ థ్రెడ్డు ఏ పంక్తియొద్ద నిలిచినదో, ఏ తాళము పట్టుకొన్నదో, దేనికై వేచియున్నదో తెలుపు పట్టికకు థ్రెడ్ డంప్ అని పేరు. సర్వీసు నాపినచో నీ సాక్ష్యమంతయు నశించును.

మొదట "కిల్ -3" అను నాజ్ఞ నిచ్చితిని. పేరు భయంకరమేగాని యిది చంపదు. పట్టిక వ్రాసి ప్రోగ్రాము యథాప్రకారము సాగును. కాని నా తెరపై నేమియు గానరాలేదు. ఏలయన, ప్రోగ్రాము మామూలు వ్రాతలు పోవుచోటికే యా పట్టికయు బోవును; మా సంస్థవారు ఆ వ్రాతలను "డెవ్ నల్" అను నడుగులేని గోతిలోనికి మరలించియుండిరి. పిమ్మట జెస్టాక్ అను పనిముట్టును చేపట్టితిని. నా పేరున నడుగగా నది నిరాకరించెను. సర్వీసు ఏ వాడుకరి పేరున నడచుచున్నదో యా పేరుననే యడుగవలెను. అట్లడిగి, 10 సెకనుల యెడముతో 3 మారులు తీసి ఫైళ్లలో భద్రపరచితిమి. ఒక్క పట్టికలో వేచియున్న థ్రెడ్డు మరుక్షణమే కదలియుండవచ్చును. మూడింటను ఒకే తాళమునకై వేచియున్నచో అది చిక్కుకొన్నదని తలపవచ్చును.

పట్టిక చివర యంత్రమే డెడ్‌లాక్ అని వ్రాసినది. ఒక థ్రెడ్డు ఖాతా తాళము పట్టుకొని చిట్టా తాళమునకై, వేరొకటి చిట్టా తాళము పట్టుకొని ఖాతా తాళమునకై, ఎదురెదురుగా నిలిచియుండెను. రెండు చోట్ల తాళములను వ్యతిరేక క్రమమున తీసికొనుటయే దీనికి కారణము. ఆ రెండు చోట్ల వ్రాతయు నాదే. క్రమము నొక్కటి చేయగా రోగము కుదిరినది.

మరునాడు పెద్దల యెదుటనే సంగతి చెప్పి, ఆమెను క్షమాపణ వేడితిని.

చదువరులారా! ఆపి నడుపుట తప్పనుటలేదు. జనుల పని నిలిచినప్పుడు నడుపక తీరదు. కాని సాక్ష్యము తీయుటకు అర నిమిషము చాలును. ఆ యర నిమిషమును మేము నెలల తరబడి మిగుల్చుకొంటిమి. దాని వెల నామె చెల్లించినది.