మా నాయనమ్మ ఫొటో

ఈ నెల గోడపత్రికకు నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. అక్షర దోషాలు ఉంటే మన్నించండి.

మాది మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలో ఒక కోయ గూడెం. చదువు కోసం లింగాల ఘనపూర్ వచ్చాను. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. 2025 ఎండకాలంలో మా నాయనమ్మ చనిపోయింది. ఆమెది ఒకటే ఫొటో ఉంది. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయినప్పుడు దిగింది. పెట్టెలో మడతపడి ముఖం మీద అడ్డంగా గీత పడింది.

దసరా సెలవులకు ఇంటికి పోయాను. అప్పుడు అందరి ఫోన్లలో ఒకటే ముచ్చట. గూగుల్ వాళ్ల జెమినీలో ఆగస్టులో 'నానో బనానా' అనేది వచ్చింది. ఫొటో పెట్టి, ఏం కావాలో మామూలు మాటల్లో రాస్తే చాలు, చీర మారుస్తది, వెనుక తోట పెడతది. మా పెద్దనాన్న కొడుకు ఫోన్ ఇచ్చి "నీకు చదువొచ్చు గదా, నువ్వే రాయి" అన్నడు. నేను ఇట్ల రాసిన: "గీత తీసెయ్యి. ముఖం శుభ్రంగా, అందంగా చెయ్యి."

కొంచెంసేపట్లోనే గీత పోయింది. ముడతలు పోయినయి. నాయనమ్మ తెల్లగా అయింది. నుదుటి మీద పచ్చబొట్టు, గడ్డం మీది మూడు చుక్కలు కూడా పోయినయి. నిజం చెప్తున్న, నాకు మంచిగనే అనిపించింది. టీవీలో ఆమె లెక్క ఉంది. ఉరికిపోయి తాతకు చూపించిన. తాత ఫోన్‌ను దగ్గర పెట్టుకొని చూసిండు, దూరం పెట్టి చూసిండు. "ఎవరు బిడ్డా ఈమె?" అన్నడు.

నాకు ఏడుపొచ్చింది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నాయనమ్మ సంచి నిండా సీతాఫలాలు పట్టుకొని నన్ను చూడడానికి వచ్చింది. ఆమె ముఖం మీది పచ్చబొట్లు చూసి ఎవరో నవ్విన్రు. నేను సిగ్గుపడి ఆమెను గేటు దగ్గరనే మాట్లాడి పంపించిన. నాయనమ్మ ఎప్పుడూ అనేది, "కడియాలు దొంగ ఎత్తుకపోతడు, పచ్చబొట్టు నాతోనే వస్తది" అని. దొంగ ఎత్తుకపోలేదు. నేనే తీసేసిన.

సెలవులు అయినంక కంప్యూటర్ మేడంను అడిగాను. "మిషన్‌కు మీ నాయనమ్మ తెల్వదు. అది లెక్కలేనన్ని ఫొటోలు చూసి నేర్చుకున్నది. ఎక్కువ ఫొటోల్లో కనిపించిన ముఖమే దానికి అందం. మడత కింద ఏముందో దానికి కనపడదు, ఊహించి నింపుతది" అని చెప్పారు. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు చేసిన 'పల్స్' అనే ప్రోగ్రాంకు 2020లో ఒబామా గారి మసక ఫొటో ఇస్తే తెల్లాయన ముఖం తయారు చేసిందట. అంత పెద్ద అధ్యక్షుణ్ణే గుర్తు పట్టనిది మా నాయనమ్మను ఏం గుర్తు పడతది?

సంక్రాంతికి పోయి మళ్లీ రాసిన: "మడత గీత ఒక్కటే తీయి. రంగు మార్చకు. పచ్చబొట్లు అట్లనే ఉంచు." ఈసారి రంగు మారలేదు. కానీ మూడు చుక్కలకు నాలుగు వచ్చినయి. తాత నవ్వి "నాలుగోది ఎవరు పొడిచిన్రు?" అన్నడు. "సమ్మక్క తల్లికి విగ్రహమే లేదు, చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణెగా వస్తది. ఎవరన్న మర్చిపోయిన్రా? గీత ఉంటే ఉండనీ" అన్నడు. మడత ఉన్న అసలు ఫొటోకే అద్దం కట్టించినం.

మీరు కూడా ఫొటో దిద్దితే అసలుది పారేయకండి. ఏం తీయాలో రాసే ముందు ఏం ఉంచాలో రాయండి. ఇంకొక మాట. ఆదివారం ఎవరి నాయనమ్మ పచ్చబొట్లతో వచ్చినా నన్ను పిలవండి. ఎన్ని చుక్కలో, ఎవరు పొడిచిన్రో అడిగి నోటుబుక్కులో రాసుకుంటాను. మా నాయనమ్మను అడగలేదు.

— 9వ తరగతి విద్యార్థిని