యంత్రాన్నే ఎడారికి రప్పించినవాళ్లు

ఆలిస్ స్ప్రింగ్స్ ఊరి మధ్యలోంచి టాడ్ నది పోతుంది. నది అని పేరేగానీ అందులో కనిపించేది ఇసుకే. నీళ్లు పారే రోజులు ఏడాదికి ఏ కొన్నో. ఆ ఇసుకలోనే తెల్లటి మానులతో పెద్ద పెద్ద యూకలిప్టస్ చెట్లు నిలబడి ఉంటాయి. ఊరికి దక్షిణాన మెక్‌డొనెల్ కొండల వరుస గోడలా సాగి, ఒక్కచోట గండి పడి, నదికీ రోడ్డుకీ రైలుకీ దారి ఇస్తుంది. ఈ నేల అరెర్న్‌టె జాతివాళ్లది. నేను వెళ్లింది జులైలో. అక్కడ అది చలికాలం. పగలు ఎండ హాయిగా ఉంటుంది, రాత్రి వేళ్లు కొంకర్లు పోతాయి.

చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని కొన్ని కుటుంబాలు కూర్చుని ఉన్నాయి. వాళ్లెవరని నాతో వచ్చిన స్థానికురాలిని అడిగాను. పశ్చిమాన వందల కిలోమీటర్ల దూరపు ఎడారి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, చాలామంది ఆస్పత్రి పని మీదే అంది. ఆ ఇళ్లలో ఒకరికి కిడ్నీలు పాడైతే కుటుంబమంతా కదలాల్సి వచ్చేది. డయాలసిస్ వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగైదు గంటలు. ఒకసారి మొదలైతే కొత్త కిడ్నీ దొరికేదాకానో ప్రాణం పోయేదాకానో ఆపడానికి లేదు. యంత్రం పట్నంలో ఉంటే మనిషి పట్నంలోనే ఉండాలి. ఇల్లు, భాష, మనవలు, పెద్దలు కాపాడుకోవాల్సిన స్థలాలు, అన్నీ అక్కడెక్కడో మిగిలిపోతాయి. ఈ దూరం భరించలేక, చనిపోతామని తెలిసి కూడా చికిత్స మానేసి ఊరికి వెళ్లిపోయినవాళ్లున్నారు. ఈ లెక్కను ఎడారి జనం తామే ఎలా తిరగరాశారో చూడాలనే ఇక్కడికి వచ్చాను.

కథ కిడ్నీల కంటే ముందే మొదలైంది. 1971లో సిడ్నీ నగరంలోని రెడ్‌ఫర్న్‌లో ఆదివాసులు తమ సొంత వైద్యశాల తెరిచారు. మామూలు ఆస్పత్రుల్లో ఎదురైన చిన్నచూపు, ఖర్చు భరించలేని పేదరికం వాళ్లను ఆ పనికి పురికొల్పాయి. రెండేళ్లకు, 1973లో, ఆలిస్ స్ప్రింగ్స్‌లో ‘సెంట్రల్ ఆస్ట్రేలియన్ అబోరిజినల్ కాంగ్రెస్’ పుట్టింది. హక్కుల కోసం గొంతెత్తడానికి పెట్టుకున్న ఆ సంస్థ 1975లో వైద్యసేవ మొదలుపెట్టింది. తర్వాత స్త్రీల కోసం, కాన్పుల కోసం ‘అలుకురా’ అనే కేంద్రం తెరిచింది. ఈ తరహా సంస్థలు ఇప్పుడు దేశమంతటా 140కి పైగా ఉన్నాయి. అన్నిటికీ సూత్రం ఒక్కటే: ఆ సమాజం తన వాళ్లలోంచి ఎన్నుకున్న బోర్డే సంస్థను నడుపుతుంది. ఎవరిని ఉద్యోగంలోకి తీసుకోవాలో, డబ్బు దేనికి ఖర్చు చేయాలో, ముందు ఏ జబ్బు సంగతి చూడాలో తేల్చేది ఆ బోర్డే. డాక్టరు దాని కింద పనిచేస్తాడు.

ఈ మాట కాగితం మీద తేలిగ్గా ఉంటుంది. ఆచరణలో ఎలా ఉంటుందో ఆలిస్‌లో పరిచయమైన ఒక తెలుగు డాక్టరు చెప్పాడు. గుంటూరు కుర్రాడు. విదేశాల్లో చదివిన డాక్టర్లు ఆస్ట్రేలియాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద ప్రాక్టీసు చేయాలంటే, సాధారణంగా పదేళ్లపాటు డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతాల్లో పనిచేయాలి. అందుకే మారుమూల క్లినిక్కుల్లో మన దేశపు పేర్లు కనిపిస్తుంటాయి. “అక్కా, నన్ను ఇంటర్వ్యూ చేసినవాళ్లలో ఒక పెద్దావిడ ఉంది. మందుల గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. మా మనిషి నీ ఎదుట కూర్చుని ఏం మాట్లాడకపోతే ఏం చేస్తావ్ అని అడిగింది,” అన్నాడు.

“ఏం చెప్పావ్?”

“నేనూ కాసేపు ఊరికే కూర్చుంటానన్నాను. ఆవిడ తల ఊపింది. గుంటూరు జనరల్ ఆస్పత్రి ఓపీలో పెరిగినవాణ్ణి నేను. పేషెంటుకు టైమివ్వడం కూడా వైద్యమేనని ఇక్కడే నేర్చుకున్నాను.”

ఊళ్లో నేను ముఖ్యంగా చూడాలనుకున్నది పర్పుల్ హౌస్. పింటుపి జాతివాళ్ల ఊళ్లు కింటోర్, కివిర్‌కురా. మొదటిది ఆలిస్‌కు పశ్చిమాన ఐదు వందల కిలోమీటర్లకు పైగా దూరం, రెండోది ఏడు వందల దాకా. తమ ఊళ్లోనే డయాలసిస్ కావాలని ఆ జనం ఎప్పటినుంచో అడుగుతున్నారు. అంత దూరంలో, అంత కొద్దిమంది కోసం కుదరదన్నారు అధికారులు. ఆ జనం దగ్గర డబ్బు లేదు, చిత్రకళ ఉంది. పపున్యా తులా అనే చిత్రకారుల సంస్థను 1972 నుంచి నడుపుకుంటున్నవాళ్లు. కింటోర్ మగవాళ్లు ఒకటి, ఆడవాళ్లు ఒకటి, కివిర్‌కురా మగవాళ్లు ఒకటి, ఆడవాళ్లు ఒకటి, నాలుగు పెద్ద చిత్రాలు కలిసి కూర్చుని గీశారు. 2000 నవంబరులో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ ఆర్ట్ గ్యాలరీలో వాటిని వేలం వేశారు. వాటితోపాటు దాతలిచ్చిన కళాఖండాలూ అమ్ముడై పది లక్షల డాలర్లకు పైగా వచ్చింది. ఆ డబ్బుతో పెట్టుకున్న సంస్థే ఈ పర్పుల్ హౌస్. 2004లో కింటోర్‌లో డయాలసిస్ మొదలైంది. కుదరదన్న పని కుదిరింది. ఆ చిత్రకారుల్లో చాలామంది ఇప్పుడు లేరు. పోయినవాళ్ల పేర్లు ఎత్తకపోవడం అక్కడి మర్యాద కాబట్టి నేనూ ఎత్తడం లేదు.

పర్పుల్ హౌస్ పేరుకు తగ్గట్టే ఊదారంగు ఇల్లు. లోపల డయాలసిస్ కుర్చీలున్నాయి, పక్క గదిలో డాక్టరు. అయితే జనం మసలేది ఎక్కువగా పెరట్లో. అక్కడ నిప్పుల్లో కంగారూ తోకలు కాలుతుంటాయి. ఒకామె బట్టలు ఉతుక్కుంటోంది. ఇంకొకామె పెన్షను కాగితాలు పట్టుకుని ఒక కార్యకర్త పక్కన కూర్చుంది. ఒక మూల ఎడారి మొక్కల ఆకులను నూనెలో మరిగించి లేపనాలు తయారుచేస్తున్నారు. వాటిని రోగులూ వాడుకుంటారు, బయటా అమ్ముతారు. ఆస్పత్రిలో మంటేమిటని నాకు అనిపించలేదు. ఇంటికి దూరంగా వచ్చి, ఎవరూ తన భాష మాట్లాడని చోట బతుకుతున్న మనిషికి పొయ్యి చుట్టూ నలుగురు తనవాళ్లు దొరకడం ఎంత అవసరమో అక్కడ ఐదు నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. బోర్డులో కూర్చునేవాళ్లు ఈ బాధ పడ్డ కుటుంబాలవాళ్లే కాబట్టి ఆ మంటకు చోటు దొరికింది.

కింటోర్ వెళ్లడానికి అనుమతి పత్రం తీసుకోవాలి. అది ఆదివాసుల సొంత భూమి. తారు రోడ్డు వదిలాక ఎర్రమట్టి దారి, అలలు అలలుగా లేచిన గతుకులు. బండి దడదడలాడుతూనే ఉంటుంది. హాస్ట్స్ బ్లఫ్, పపున్యా దాటాక రెండువైపులా ముళ్ల గుబుర్లలాంటి స్పినిఫెక్స్ గడ్డి, అక్కడక్కడ జుట్టు విరబోసుకున్నట్టు ఎడారి ఓక్ చెట్లు. ఊళ్ల దగ్గర మద్యం తేకూడదని బోర్డులు. పెట్రోలు బంకుల్లో దొరికేది, పీల్చినా మత్తెక్కని ప్రత్యేకమైన పెట్రోలు. పిల్లలు పెట్రోలు పీల్చి మెదడు పాడుచేసుకుంటుంటే ఎడారి ఊళ్ల తల్లులు, అమ్మమ్మలు ఏళ్ల తరబడి పోరాడారు. 2005 నుంచి ఆ పెట్రోలు వచ్చాక ఆ పీడ చాలా తగ్గింది. దారి పొడవునా ఇలాంటి ప్రజల గెలుపులు కనిపిస్తూనే ఉన్నాయి.

కింటోర్ ఊరు ఒక పెద్ద కొండ పక్కన ఉంది. 1980ల మొదట్లో పింటుపి జనం పపున్యా నుంచి తమ నేలకు తిరిగి వచ్చి కట్టుకున్న ఊరిది. డయాలసిస్ ఇల్లు చిన్నది. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి శుద్ధిచేసే యంత్రం ఉండాలి. ఒక్కో విడతకు వంద లీటర్లకు మించి శుద్ధమైన నీళ్లు కావాలి. కరెంటు పోకూడదు, నర్సు ఉండి తీరాలి. ఈ మూడింటినీ ఎడారిలో ఇన్నేళ్లుగా నిలబెట్టడం చిన్న పని కాదు.

కుర్చీలో ఒక పెద్దావిడ ఉంది. బడి వదలగానే మనవరాలు పరుగెత్తుకొచ్చి పక్కన చేరింది. ఆరోగ్య కార్యకర్తగా పనిచేస్తున్న ఆ ఊరి అమ్మాయి మాటలు అటూఇటూ మార్చి చెప్పింది. ఆలిస్‌లో ఎలా ఉండేదని అడిగాను. “అక్కడ మిషను మీద ఉన్నంతసేపూ ఇంటి గురించే ఆలోచన. ఇక్కడ మిషను దిగితే ఇంటికి పోతా,” అంది పెద్దావిడ. ఇంకేమీ కలపలేదు.

జబ్బు ఎందుకొస్తోందన్న ప్రశ్న కూడా ఆదివాసుల ఈ సొంత వైద్యసంస్థలే గట్టిగా అడిగాయి. చిన్నప్పుడు గజ్జి, దాని మీద చీము పుండ్లు, వాటిలోని క్రిమి వల్ల కిడ్నీలకు దెబ్బ. అదే క్రిమి వల్ల గుండె కవాటాలూ దెబ్బతింటాయి. తక్కువ బరువుతో పుట్టడం, పెద్దయ్యాక మధుమేహం దానికి తోడు. మూలం వెతికితే కిక్కిరిసిన ఇళ్లు, పనిచేయని కొళాయిలు. దక్షిణాన పిట్జంట్జట్జరా ప్రాంతంలో ఙనంపా హెల్త్ కౌన్సిల్ 1987లో దీని మీద ఒక నివేదిక తెచ్చింది. పిల్లలకు రోజూ స్నానం, బట్టలు ఉతకడం, మురుగునీరు పోవడం వంటి తొమ్మిది పనులు ఇంట్లో జరిగేలా చూడాలంది. ఆ పని చేసినవాళ్లలో ఒకాయన ఉండేవాడు. 1950లలో బ్రిటిష్ వాళ్లు దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో జరిపిన అణుపరీక్షల తర్వాత చూపు కోల్పోయిన మనిషి. ఆ తర్వాత వేల ఇళ్లు తనిఖీ చేస్తే, కొళాయిలు, షవర్లు చెడిపోవడానికి నాసిరకం కట్టడం, మరమ్మతులు లేకపోవడమే ప్రధాన కారణాలని తేలింది. ఇంట్లోవాళ్లు పాడుచేసినవి పదో వంతు కూడా లేవు. తరాల తరబడి మోసిన నింద ఒక లెక్కతో అబద్ధమైపోయింది.

అంతా బాగుపడిందని చెప్పను. 2020-22 లెక్కల ప్రకారం కూడా ఆదివాసీ మగవాళ్ల ఆయుర్దాయం మిగతా ఆస్ట్రేలియన్ల కంటే 8.8 ఏళ్లు, ఆడవాళ్లది 8.1 ఏళ్లు తక్కువ. నర్సులు దొరకరు, దొరికినా ఎక్కువకాలం నిలవరు. కుర్చీలు చాలవు కాబట్టి కొందరు కొన్ని వారాలు ఊరికొచ్చి మళ్లీ ఆలిస్‌కు పోవాల్సి వస్తోంది. అయినా పర్పుల్ హౌస్ ఇప్పుడు పదిహేనుకు పైగా మారుమూల ఊళ్లలో డయాలసిస్ నడుపుతోంది. పండగలకీ చావులకీ రోగులు సొంతూరు వెళ్లిరావడానికి డయాలసిస్ కుర్చీలున్న ట్రక్కు తిప్పుతోంది. మారుమూల ఊళ్లలో నర్సులు చేసే డయాలసిస్‌కు 2018 నవంబరు నుంచి కేంద్ర ప్రభుత్వమే మెడికేర్ కింద డబ్బు చెల్లిస్తోంది. చిత్రాలు అమ్మి మొదలుపెట్టిన పని దేశపు విధానమైంది.

నాకు అక్కడ ఉన్నన్నాళ్లూ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తొస్తూనే ఉంది. కొబ్బరి, జీడితోటల మధ్య ఇంటింటా కిడ్నీ జబ్బు. డయాలసిస్ కోసం తెల్లవారుజామునే విశాఖ దారి పట్టిన మనుషులను చూసినదాన్ని. తర్వాత సోంపేట, కవిటి, పలాస వంటి చోట్ల కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇది చాలా అవసరమైన మేలు. దాన్ని తెచ్చుకోవడం వెనక ఉద్దానం జనం ఏళ్ల ఆందోళన ఉంది. కింటోర్ చూశాక ఇంకొక మెట్టు ఎక్కాలనిపిస్తోంది. ఆ కేంద్రాల్లో కుర్చీ ఎవరికి ఎప్పుడు ఇవ్వాలి, బస్సు ఏ ఊరి మీదుగా తిరగాలి, మంచినీళ్ల పథకం ఏ వీధి నుంచి మొదలవాలి అన్నవి రోగుల కుటుంబాలు కూర్చుని తేల్చాలి. పాడేరు కొండల్లో నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే గూడేలకూ ఆ అధికారం ఉండాలి.

ఇప్పటికే ఉన్న ఆస్పత్రి కమిటీల్లో సగం కుర్చీలు రోగులకీ వాళ్ల ఊళ్లవాళ్లకీ ఇచ్చి, ఖర్చు మీద వాళ్ల సంతకం తప్పనిసరి చేస్తే మొదలుపెట్టవచ్చు. దానికి కొత్త భవనం అక్కర్లేదు. ఎడారిలో కొన్ని వందల మంది సాధించినదాన్ని మన జిల్లాలు సాధించలేవని నేను నమ్మను.