గిటారుకి తాళాలు

ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాళ్ళలో రెండు పార్టీలున్నాయి. బ్రిడ్జి గాల్లో తేలుతూ ఉండాలనేది ఒకటి, కదలకుండా పడి ఉండాలనేది రెండోది. నాలుగేళ్ళు మొదటి పార్టీ జెండా మోసి, ఈ మధ్యే ఫిరాయించాను. కారణం మా అమ్మ.

మొదట్నుంచీ చెప్తా. బోనస్ డబ్బులు రాగానే సెకండ్ హ్యాండ్‌లో ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి ఉన్న గిటారు కొన్నాను. చేతికందేలా ఒక కడ్డీ ఉంటుంది చూడండి, దాన్ని నొక్కితే స్వరం పాతాళానికి జారుతుంది, పైకి లాగితే కీచుమంటుంది. ఆ కీచు కోసమే కొన్నాను, దాచడం ఎందుకు.

కడ్డీ కొత్తదేం కాదు. ఫెండర్ వాళ్ళు 1954లోనే స్ట్రాటోకాస్టర్‌కి పెట్టారు. (దానికి ట్రెమొలో అని పేరు పెట్టారు కానీ, అది మార్చేది శబ్దం హెచ్చుతగ్గుల్ని కాదు, శ్రుతిని. పేర్లు పెట్టడంలో మనమే అధ్వాన్నం అనుకుంటాం.) చిక్కల్లా ఎక్కడంటే, కడ్డీ గట్టిగా ఊపితే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటుంది, బిరడా దగ్గర చుట్లు సడలుతాయి. తిరిగి మొదటి చోటికి రాదు. ఫ్లాయిడ్ రోజ్ అనే ఆయన, నగల పని కూడా తెలిసినవాడు, 1970ల చివర్లో దీనికి మందు కనిపెట్టాడు. తీగని ఇటు నట్ దగ్గరా, అటు బ్రిడ్జి దగ్గరా బిగించి తాళం వేసెయ్యడం. జారడానికి తీగకి చోటే లేకపోతే ఇంకెక్కడికి పోతుంది?

నిజంగా పనిచేస్తుంది. రాత్రి పదకొండుకి క్లయింట్ కాల్ అయ్యాక గిటారు తీస్తే, పోయిన ఆదివారం ఎలా వదిలానో శ్రుతి అలాగే ఉండేది. రోజుకి అరగంట దొరికే మనలాంటివాళ్ళకి అది చిన్న విషయం కాదు.

ఇక రెండోవైపు. బ్రిడ్జి రెండు మేకుల మీద కత్తి అంచుతో నిలబడి ఉంటుంది. పైనుంచి ఆరు తీగలు లాగుతుంటాయి, సన్నటి 9 గేజి సెట్ అయినా అన్నీ కలిపి దాదాపు 38 కిలోల లాగుడు. వెనక గుంటలో స్ప్రింగులు అంతే బలంతో అటు లాగుతుంటాయి. తక్కెడ అన్నమాట. అందుకే ఒక తీగ శ్రుతి చేస్తే మిగతా ఐదూ మారతాయి. ఒక బగ్ ఫిక్స్ చేస్తే ఇంకో ఐదు రీఓపెన్ అయినట్టు. మొదటిసారి తీగలు మార్చడానికి, కటింగ్ ప్లయర్‌తో చివర గుండు కత్తిరించడం దగ్గర్నుంచి ఆలెన్ కీతో తాళం బిగించేదాకా, రెండు గంటలు పట్టింది.

ఆఫీసు వార్షికోత్సవంలో పాట మధ్యలో సన్న తీగ తెగింది. మామూలు గిటారైతే మిగతా ఐదింటితో నెట్టుకురావచ్చు. ఇక్కడ తక్కెడ ఒకవైపు తేలికైంది, స్ప్రింగులు గెలిచాయి, ఐదు తీగలూ ఒక్కసారే శ్రుతి పైకెక్కాయి. తాళాలు వేసి ఉన్నాయి, స్టేజీ మీద విప్పే టైమెక్కడిది? వాల్యూం తగ్గించేసి, చివరిదాకా వాయిస్తున్నట్టు నటించాను. మా మేనేజర్ బాగా వాయించావన్నాడు, అది వేరే సంగతి.

దానికీ పార్టీ మారలేదు. అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు మారాను. అమ్మ చిన్నప్పుడు వీణ నేర్చుకుంది, పెళ్ళయ్యాక ముట్టుకోలేదు. ఆవిడ కోసమని మోహన వర్ణం సాధన చేశాను. ఐదో తీగని ఖాళీగా మోగిస్తూ షడ్జమం, పై తీగ మీద రిషభం మీటి, వీణలోలా పక్కకి లాగి గాంధారం.

"గాంధారం బానే ఉంది గానీ, కింద షడ్జమం జారుతోందిరా" అంది.

నా చెవికి తెలియలేదు. వేళ్ళ తప్పేమోనని రెండు వారాలు అదే లాగుడు. చివరికి ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చూస్తే ముల్లు ఎడమకి జారుతోంది! పై తీగని లాగితే బిగువు పెరిగి బ్రిడ్జి ముందుకి వాలుతుంది, మిగతా తీగలు సడలుతాయి. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. గమకం తియ్యాలి, కింద శ్రుతి నిలబడాలి అంటే తేలే బ్రిడ్జి కుదరదు. ఎంత ఖరీదైనదైనా ఇంతే, అది లోపం కాదు, దాని తత్వం.

గిటారు అమ్మెయ్యలేదు. వెనక మూత విప్పి, బ్రిడ్జి దిమ్మకీ మెడవైపు గోడకీ మధ్య చెక్కముక్క ఇరికించాను. స్ప్రింగులు ఇంకాస్త బిగిస్తే దిమ్మ ఆ చెక్కకి ఆనుకుని కదలదు. తీగ లాగినా, తెగినా మిగతావి చోటు వదలవు. కడ్డీ కిందికి నొక్కడం మాత్రం ఇంకా కుదురుతుంది. ఎడ్డీ వాన్ హేలెన్ కూడా బ్రిడ్జిని గిటారు చెక్కకి ఆనించి, కిందికి మాత్రమే వాడేవాడు కాబట్టి నాకు పరువు నష్టమేం లేదు. కార్పెంటర్ చెక్క మూడుసార్లు అరగదీసి, డబ్బులొద్దన్నాడు.

మొన్న సంక్రాంతికి మళ్ళీ వాయించాను. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఏమీ అనకుండా చరణం దగ్గర గొంతు కలిపింది.

కీచు మాత్రం పోయింది. దాని కోసమే అంత డబ్బు పోసానని ఇంట్లో ఇంకా చెప్పలేదు.