అమ్మ సంఘం, ప్రపంచ బ్యాంకు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ట్రంకు పెట్టెల గురించో, ఆదివారం కోడిగుడ్డు గురించో రాద్దామనుకున్నాను. కానీ ఎమ్మే ఎకనామిక్స్ చదువుతూ తెలుసుకున్న ఒక సంగతి తమ్ముళ్లతో పంచుకోవాలనిపించింది. అది అప్పు గురించి. అప్పు తెలియని ఇల్లు మనలో ఎవరికుంది?

మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాణ్ణి నేనే. పీజీలో చేరడానికి ఇరవై వేలు కావాల్సొచ్చింది. మెట్ట ప్రాంతంలో కూలి చేసుకునే నాన్న దగ్గర అంత డబ్బు ఎక్కడిది? అమ్మ పొదుపు సంఘంలో అడిగింది. ఆ మీటింగుకు నేనూ వెళ్లాను. వేపచెట్టు కింద పదిమంది ఆడవాళ్లు కూర్చున్నారు. నెలకెంత కడతావని అమ్మను అడిగారు. పనులు లేని ఎండాకాలంలో తక్కువ కట్టమని ఒక అత్త తనే చెప్పింది. అందరూ సరేనన్నాక అమ్మ సంతకం పెట్టింది. ఆ సంతకం నేర్చుకున్నదీ ఆ సంఘంలోనే.

యూనివర్సిటీలో చేరాక అంతర్జాతీయ ద్రవ్యనిధి, ప్రపంచ బ్యాంకు పాఠాలు మొదలయ్యాయి. ఈ రెండు సంస్థలకూ 1944లో అమెరికాలోని బ్రెట్టన్‌వుడ్స్‌లో జరిగిన సమావేశంలో పునాది పడింది. 1991లో మన దేశం దగ్గర విదేశీ మారక ద్రవ్యం దాదాపు అయిపోయినప్పుడు రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో కుదువ పెట్టింది. అమ్మ కమ్మలు షావుకారు దగ్గరికి వెళ్లిన రోజు గుర్తొచ్చి ఆ పాఠం నాకు బాగా అర్థమైంది. అప్పుడు ప్రధాని మన పి.వి. నరసింహారావు గారు. ద్రవ్యనిధి అప్పుతోపాటే రూపాయి విలువ తగ్గింపు, లైసెన్సుల రద్దు, విదేశీ పెట్టుబడులకు తలుపులు తెరవడం వరుసగా వచ్చాయి. ప్రపంచీకరణ మన గడపలోకి వచ్చిన దారి అది.

మన రాష్ట్రం కథ ఇంకా దగ్గరిది. రాష్ట్ర స్థాయి సంస్కరణలకు ప్రపంచ బ్యాంకు పెద్ద ఎత్తున అప్పిచ్చిన తొలి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1998లో ఆర్థిక పునర్నిర్మాణానికి సుమారు 54 కోట్ల డాలర్లు, 1999లో విద్యుత్ సంస్కరణలకు 21 కోట్ల డాలర్లు మంజూరయ్యాయి. విద్యుత్ బోర్డును విడగొట్టారు. 2000లో చార్జీలు పెరిగాయి. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో నిరసనకారులపై జరిగిన పోలీసు కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆ అప్పు షరతులు రాసేటప్పుడు బోరు మోటారున్న రైతును ఎవరూ అడగలేదు.

ఇదంతా చదివి ప్రపంచ బ్యాంకు మీద కోపం పెంచుకున్నాను. అంతలో ఇంకో సంగతి తెలిసింది. 2000లో ఆరు జిల్లాల్లో మొదలై, 2003లో మిగతా గ్రామీణ జిల్లాలకు విస్తరించిన 'వెలుగు' పథకానికీ ప్రపంచ బ్యాంకే అప్పిచ్చింది. అంటే అమ్మ సంఘం ఎదిగిన దారిలో ఆ డబ్బు కూడా ఉంది! సంక్రాంతి సెలవులకు వింజమూరులో బస్సు దిగి ఇంటికెళ్లగానే అమ్మకు ఈ మాట చెప్పాను. అమ్మ ఆశ్చర్యపోలేదు.

"దుడ్లు ఎవురివైతే ఏంది అబ్బయా? సంఘం మీ అవ్వ కాలం నుంచీ ఉండాది. లెక్క మేమే రాసుకున్నాం, ఎవురికెంత ఇయ్యాలో మేమే చెప్పుకున్నాం" అంది.

నిజమే. 1992లో మన పక్కనే ఉన్న దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమం వెంటే మన జిల్లాలో పొదుపు సంఘాలు పుట్టుకొచ్చాయి. ప్రపంచ బ్యాంకు డబ్బు తర్వాత వచ్చింది.

అమ్మ సంఘంలో ప్రతి ఒక్కరికీ ఒకే మాట. ద్రవ్యనిధిలో డబ్బును బట్టి ఓటు. అమెరికాకు ఒక్కదానికే 16 శాతానికి పైగా ఓట్లున్నాయి. ముఖ్యమైన నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి కాబట్టి అది వద్దంటే ఆగిపోతాయి. నూట నలభై కోట్ల మందికి పైగా ఉన్న మన దేశానికి 3 శాతం కూడా లేవు. అప్పు చేయడం తప్పని నేననను. ఆ అప్పే లేకపోతే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. తీర్చాల్సినవాళ్లకు షరతులు రాసేచోట చోటుందా లేదా అన్నదే నా ప్రశ్న.

ఈ అప్పులు ఆగిపోలేదు. 2021లో మన ప్రభుత్వ బడుల చదువు మెరుగుదలకు 25 కోట్ల డాలర్లు, 2024 డిసెంబరులో అమరావతికి 80 కోట్ల డాలర్లు ప్రపంచ బ్యాంకు మంజూరు చేసింది. తీర్చేది మన తరమే.

కాబట్టి తమ్ముళ్లూ, ఎకనామిక్స్ మనకెందుకులే అనుకోకండి. ఈసారి ఇంటికెళ్లినప్పుడు అమ్మ పొదుపు పుస్తకం తెరిచి ఒక్కో వరసా చదవండి. మా అమ్మ పుస్తకంలో ఇంకా నాలుగు కంతులున్నాయి. వాటిని నా మొదటి జీతంతో కట్టాలన్నది నా కోరిక.