తాడుబండి

విజయనగరంలో రైలెక్కితే గంట, గంటంబావులో విశాఖపట్నం చేరవచ్చు. ఒక ఆదివారం నాడు మా అమ్మనూ, మేనకోడలినీ, మేనల్లుడినీ వెంటబెట్టుకుని ఆ రైలెక్కాను. పిల్లలు కైలాసగిరి చూడాలని చాలా రోజులుగా అడుగుతున్నారు. అమ్మ కూడా వస్తానన్నది గాని, “కొండ ఎక్కమంటే మాత్రం నా వల్ల కాదు. నా మోకాళ్ళు రామతీర్థం మెట్ల దగ్గరే మొరాయించాయి,” అన్నది.

“నువ్వు ఎక్కనక్కరలేదు, అమ్మమ్మా! తాడే నిన్ను లాక్కుపోతుంది,” అన్నాడు మేనల్లుడు.

కైలాసగిరి విశాఖపట్నంలో సముద్రపుటొడ్డున ఉన్న కొండ. సముద్రమట్టానికి 173 మీటర్ల ఎత్తున ఉంటుంది. పైన తోటలూ, శివపార్వతుల పెద్ద తెల్లని విగ్రహాలూ, చిన్న రైలూ ఉన్నాయి. పైకి పోవటానికి మూడు మార్గాలు. మెట్లు ఎక్కవచ్చు, మెలికలు తిరిగే రోడ్డు మీద బండిలో పోవచ్చు, లేదా రోప్‌వే ఎక్కవచ్చు.

మేము రోప్‌వే ఎక్కాము. తలుపు మూసుకున్నది. పెట్టె నేలను వదిలి చెట్ల మీదుగా పైకి సాగింది. వెనక సముద్రం అంతకంతకూ పెద్దదవుతున్నది. అమ్మ కొంచెంసేపు కళ్ళు మూసుకుని, తరువాత మెల్లిగా తెరిచి, “సిరిమాను మీద పూజారికి ఊరంతా ఇలాగే కనిపిస్తుంది కాబోలు!” అన్నది. మా విజయనగరంలో పైడితల్లి జాతరకు పూజారిని పొడుగాటి మాను చివర కూర్చోబెట్టి ఊరేగిస్తారు. అమ్మకు ఆ పోలిక తట్టింది.

పైకి చేరగానే పిల్లలకు తగువు వచ్చింది.

“ఇది రంగులరాట్నం లాంటి ఆట. రోడ్డుండగా దీనితో పనేమిటి?” అన్నాడు మేనల్లుడు.

“కాదు, బస్సులాగా ఇదీ ఒక బండే. మనను ఒకచోటినుంచి ఇంకొకచోటికి చేర్చలేదూ?” అన్నది మేనకోడలు.

ఇద్దరూ తీర్పు చెప్పమని నా దగ్గరికి వచ్చారు. తీర్పు చెప్పేముందు అది ఎలా నడుస్తుందో తెలియాలి గదా అని, తోటలో చెట్టు నీడన కూర్చుని చెప్పాను.

ఇటువంటి రోప్‌వేలో కొండ కింద ఒక పెద్ద చక్రం, కొండపైన ఒక పెద్ద చక్రం ఉంటాయి. రెంటినీ చుట్టి ఒక ఉక్కుతాడు దండలాగా, కొసలు లేకుండా ఉంటుంది. మోటారు ఒక చక్రాన్ని తిప్పితే తాడు కదులుతుంది. దానికి తగిలించిన పెట్టెలు ఒక వైపు ఎక్కుతూ, ఇంకొక వైపు దిగుతూ ఉంటాయి. బావి గిలక మీద తాడు వేసి రెండు కొసలకూ రెండు చేదలు కట్టినట్టు అనుకోండి. ఒక చేద దిగుతూ రెండవ దానిని పైకి లాగుతుంది. అలాగే ఇక్కడ దిగే పెట్టెల బరువు ఎక్కే పెట్టెల బరువుకు సరిపోతుంది. కాబట్టి మోటారు ముఖ్యంగా ఎక్కేవారికీ దిగేవారికీ మధ్య ఉన్న బరువు తేడానూ, రాపిడినీ భరిస్తే చాలు.

పెద్ద రోప్‌వేలలో ఇంకొక ఉపాయం ఉన్నది. తాడు ఆగదు గాని, స్టేషను రాగానే పెట్టె తాడును వదిలేస్తుంది. జనం ఎక్కేదాకా నత్తనడక నడిచి, మళ్ళీ తాడును గట్టిగా పట్టుకుని పరుగెత్తుతుంది.

“ఇప్పుడు లెక్క వెయ్యండి,” అన్నాను. “పెట్టెకు 8 మంది చొప్పున, 15 సెకండ్లకు ఒక పెట్టె బయలుదేరితే గంటకు ఎంతమంది?”

మేనకోడలు వేళ్ళ మీద లెక్కపెట్టి, “నిమిషానికి 32 మంది. గంటకు 1,920 మంది,” అన్నది.

“48 మంది పట్టే బస్సులైతే 40 కావాలి. అంటే నిమిషమున్నరకు ఒక బస్సు!”

మేనల్లుడు వెంటనే ఒప్పుకోలేదు. “ఒక్కసారిగా వెయ్యిమంది వస్తేనో?” అని అడిగాడు. వాడి ప్రశ్న మంచిదే. అప్పుడు చివరివాడు అరగంటకు పైగా వరసలో నిలబడాలి. రోప్‌వే సన్నని ధారలాగా ఆగకుండా జనాన్ని చేరవేస్తుంది గాని, వరదను ఒక్క గుక్కలో తాగలేదు.

ఇదే తగువు అమెరికాలో కూడా వచ్చింది. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్ అనే వినోద నగరంలో 1956లో తాడు మీద నడిచే పెట్టెలు పెట్టారు. జనం వాటిని సరదాగా ఎక్కి, పైనుంచి వింతలు చూసేవారు. 1994లో వాటిని తీసేశారు. కాని అదే సంస్థకు ఫ్లోరిడాలో ఇంకా పెద్ద వినోద నగరం ఉన్నది. అక్కడ 2019 సెప్టెంబరులో స్కైలైనర్ అనే కొత్త రోప్‌వే ప్రారంభించారు. దానికి సుమారు 300 పెట్టెలు. ఇది వింత చూపటానికి మాత్రమే పెట్టినది కాదు. అతిథులను హోటళ్ళనుంచి రెండు పెద్ద ఉద్యానాలకు చేరవేస్తుంది. ఒకనాటి ఆటవస్తువు ఈనాడు నిజంగా బండి అయింది! అయినా అక్కడివారు బస్సులు మానెయ్యలేదు. ఉరుములు, మెరుపులు వస్తే రోప్‌వేను ఆపివేస్తారు. అప్పుడు బస్సులే దిక్కు. మన హైదరాబాదు దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీలో కూడా చూడవచ్చినవారిని తిప్పేవి బస్సులే.

“చూశావా, గాలివానకు ఆగిపోయేది బండి ఎలా అవుతుంది?” అన్నాడు మేనల్లుడు.

“పడవ కూడా తుఫానుకు ఆగుతుంది. అది బండి కాకపోతుందా?” అన్నది మేనకోడలు.

ఆ మాట మన తీరం వారికి బాగా తెలుసు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీదా, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా మీదా విరుచుకుపడ్డాయి. అటువంటి రోజున తాడు మీద పెట్టె నడపటం ప్రమాదం. మామూలు రోజున కూడా తాడునూ, చక్రాలనూ నిత్యం పరీక్షిస్తూ ఉండాలి. 2022 ఏప్రిల్‌లో జార్ఖండ్‌లోని త్రికూట పర్వతం మీద రోప్‌వేకు ప్రమాదం జరిగి, పెట్టెలు గాలిలో నిలిచిపోయాయి. అందరినీ దించేసరికి 40 గంటలు దాటింది. ముగ్గురు చనిపోయారు. అందుచేత తాడు మీద నడిచే బండికి మోటారు ఎంత అవసరమో, దానిని కనిపెట్టి ఉండే మనుషులు అంత అవసరం.

అయితే రోప్‌వే నిజంగా ఊరి బండి అయిన చోట్లు లోకంలో ఉన్నాయి. దక్షిణ అమెరికాలో బొలీవియా దేశానికి లాపాజ్ అనే నగరం ఉన్నది. అది లోయలో ఉంటే, దాని పక్క ఊరు ఎల్ ఆల్టో సుమారు 400 మీటర్ల పైన, గట్టు మీద ఉన్నది. రెంటి మధ్యా రోడ్లు మెలికలు తిరుగుతాయి. వాటి నిండా బండ్లే. 2014లో అక్కడ రోప్‌వే మొదలుపెట్టి, కొద్ది సంవత్సరాలలో పది మార్గాలకు పెంచారు. బడికి పోయే పిల్లలు, బజారుకు పోయే ఆడవాళ్ళు, ఆఫీసు గుమాస్తాలు రోజూ దానిలోనే తిరుగుతారు. మన దేశంలో కూడా కాశీ పట్టణపు ఇరుకు వీధుల మీదుగా రోప్‌వే కట్టటానికి 2023లో శంకుస్థాపన చేశారు.

“మరి మన రామతీర్థం కొండకు?” అన్నాడు మేనల్లుడు, అమ్మమ్మ మోకాళ్ళకేసి చూస్తూ.

“జాతరకు వేలమంది వస్తారు. మిగిలిన రోజులలో ఎంతమంది? ఎక్కేవారున్నా లేకపోయినా యంత్రాన్ని రోజూ కనిపెట్టి చూడాలి గదా,” అన్నాను.

అంతదాకా వింటూ కూర్చున్న అమ్మ అప్పుడు నోరు విప్పింది.

“మా పుట్టిల్లు సాలూరు దగ్గర కొండ కింద. నా చిన్నతనంలో ఒకనాడు పైపల్లె నుంచి కాన్పు కష్టమైన మనిషిని డోలీలో తెచ్చారు. వెదురుబొంగుకు దుప్పటి కట్టి, ఇద్దరు ముందూ వెనకా మోస్తున్నారు. తెల్లవారి బయలుదేరితే మా ఊరు చేరేసరికి మధ్యాహ్నం అయింది. తల్లి బతికింది గాని, బిడ్డ దక్కలేదు. సరదాకి మనని పైకి లాగిన ఈ తాడు, వాళ్ళని కిందికి దించలేదా?” అన్నది.

కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. సాలూరు ఉన్న ప్రాంతం 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా అయింది. రోడ్డులేని కొన్ని కొండపల్లెలనుంచి ఈనాటికీ జబ్బు చేసినవారిని డోలీలోనే దించుతున్నారు.

నేను ఉన్నమాట చెప్పాను. యాభై గడపల పల్లెకు మనుషులెక్కే రోప్‌వే కట్టినా, దానికి కరెంటూ, మరమ్మతు చేసేవారూ ఎల్లప్పుడూ అందుబాటులో ఉండాలి. అర్ధరాత్రి గాలివానలో జబ్బు చేస్తే అది నడవకపోవచ్చు. అంబులెన్సు పల్లె దాకా రావాలంటే ముందు రోడ్డు కావాలి. కాని నేపాల్ కొండలలో కొందరు రైతులు వేరొక పని చేశారు. సరుకు కోసం రెండు తీగలూ, రెండు తొట్లూ అమర్చుకున్నారు. పంటతో నిండిన తొట్టి తన బరువుకు తానే దిగుతూ, ఉప్పూ పప్పూ ఉన్న తేలిక తొట్టిని పైకి లాగుతుంది. మోటారు అక్కరలేదు. అది మనుషులు ఎక్కవలసినది కాదు, సరుకుకే. మన సీతంపేట కొండల అనాసపళ్ళ లాంటివి తల మీద మోసేవారికి అదే పెద్ద ఉపకారం.

సాయంకాలం మళ్ళీ రోప్‌వేలోనే దిగాము. రైలులో పిల్లలు తీర్పు అడిగారు. “మెట్లు ఎక్కగలవాడికి అది ఆట. ఎక్కలేని మీ అమ్మమ్మకు అది బండి. రోజూ వేలమంది అటూ ఇటూ తిరగవలసిన కొండకూ, లోయకూ అది మంచి బండి. రోడ్డు తిన్నగా పోయే చోట బస్సు చాలు,” అన్నాను.

“అయితే మన్యానికి ముందు రోడ్డు, తరువాత తాడు,” అన్నది మేనకోడలు.

అమ్మ కిటికీలోంచి దూరాన నల్లబడుతున్న కొండలకేసి చూస్తూ, “ఏది ముందొచ్చినా సరేనమ్మా, ఆ డోలీ మోత పోతే చాలు,” అన్నది.