జే మీది నుక్తా

"ఏ క్యా హై బేటా? తుమారీ అమ్మీ కూ రైబ్ బనా దియే!"

అబ్బా ఒక చేతిలో షాదీ రుఖా ప్రూఫ్, ఇంకో చేతిలో భూతద్దం. ఆపా బిడ్డ నికాహ్ రుఖా అది. ఒకవైపు ఉర్దూ, రెండోవైపు తెలుగు. ఉర్దూ ఇబారత్ అబ్బానే చెప్పి రాయించారు. అందులో నానీ స్థానంలో మర్హూమా అమ్మీ పేరు ఉంది. అమ్మీ పేరు 'జేబ్' అనే మాటతో మొదలవుతుంది. జేబ్ అంటే అలంకారం, శోభ. ఉర్దూలో 'జే' అక్షరానికీ 'రే' అక్షరానికీ తేడా ఒక్క నుక్తా. నుక్తా పోతే జేబ్ కాస్తా రైబ్ అవుతుంది. రైబ్ అంటే సందేహం. ఖుర్ఆన్ తెరిచి బఖరా సూరా మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ తెలిసిన మాటే.

నేను కూడా చూశాను. నుక్తా పూర్తిగా పోలేదు. బూడిద రంగు మరకలాగా ఉంది. డెబ్భై తొమ్మిదేళ్ల కళ్లకు అది ఉన్నా లేనట్లే. నిజం చెప్పాలంటే నా కళ్లకూ అంతే.

"ఫికర్ నక్కో కరో అబ్బా, ప్రూఫే కదా, మార్పిస్తాను" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. జేబులోంచి బాల్‌పెన్ తీసి, చెయ్యి వణుకుతుండగా, రే మీద ఒక చుక్క పెట్టారు. పెట్టి, "ఎన్ని కార్డులు?" అని అడిగారు. మూడు వందల యాభై అన్నాను. "హౌ. అచ్ఛా నై ఆయే తో మై బైఠ్‌కే లగా దేతుఁ" అన్నారు. మజాక్ అనుకున్నాను. మజాక్ కాదు.

నాకు సిగ్గేసింది. ఎందుకంటే ఆ ఫైలు చేసింది నేనే. ఇరవై ఏళ్లకు పైగా పత్రికల్లో ఉన్నవాణ్ణి. కొత్తగా డెస్కులో చేరినప్పుడు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పేజీలు పెట్టించి, రాత్రి పన్నెండు దాటాక డిస్టిలర్‌లో పీడీఎఫ్ చేయించి ప్రింటింగ్ సెంటర్‌కు పంపే దాకా ఆపరేటర్ వెనకాలే నిలబడి ఉండేవాణ్ణి. చదివింది ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు. ఈ రెండు లిపులూ ఒక్క కాగితం మీదికి తేవడానికి ఖాందాన్‌లో నాకన్నా తగినవాడు ఎవడున్నాడు అనుకుని ఆపాతో గొప్పగా ఒప్పుకున్నాను. అల్లుడివైపు వాళ్లది సూర్యాపేట దగ్గర పల్లె. అక్కడ ఉర్దూ చదివేవాళ్లు ఇద్దరో ముగ్గురో. అందుకే తెలుగు తప్పదు. అబ్బా ఉన్నారు కాబట్టి ఉర్దూ తప్పదు.

రాంగోపాల్‌పేట్‌లో మా గల్లీ చివర ఒక జిరాక్స్ దుకాణం ఉంది. మొదటి ప్రూఫ్ అక్కడే తీయించాను. ఆ పిల్లవాడు "మా మిషన్ మంచిగనే ఉంది సార్, మీ ఫైలే అట్లుంది" అన్నాడు. ఫైలు పట్టుకుని రాణీగంజ్ వైపు ప్రెస్సుకు వెళ్లాను. అక్కడ ఆపరేటర్ దాన్ని కోరెల్‌డ్రాలో తెరిచాడు. ఉర్దూ అదే మసక. కానీ ఈసారి తెలుగు కూడా పాడైంది. వత్తులు అక్షరాల కింద నుంచి జారి పక్కన నిలబడ్డాయి, కొన్నిచోట్ల ఖాళీ డబ్బాలు. ఇంటికొచ్చి నా లాప్‌టాప్‌లో అదే ఫైలు తెరిస్తే అంతా సాఫ్. స్క్రీన్ మీద అమ్మీ పేరు నుక్తాతో సహా హాయిగా కనబడుతోంది.

ఒకే పీడీఎఫ్, మూడు చోట్ల మూడు రకాలు. పీడీఎఫ్ పుట్టిందే ఇలా జరగకూడదని. అడోబీ కంపెనీ 1993లో దాన్ని తెచ్చినప్పుడు ఇచ్చిన వాగ్దానం అదే: ఏ కంప్యూటర్‌లో తెరిచినా, ఏ ప్రింటర్‌కు పంపినా పేజీ ఒక్కటిగానే ఉండాలి. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. మరి నా రుఖా దగ్గరే ఈ ముసీబత్ ఏమిటి?

ఆ రాత్రి నా కూతురు (ఇంటర్ చదువుతోంది, ఉర్దూ చదవడం రాదు, దాని గురించి అబ్బాకూ నాకూ మధ్య ఉన్న పాత తక్రార్ ఇక్కడ వద్దు) పక్కన కూర్చుని ఒక మాట అంది. "అబ్బూ, అన్నిచోట్లా పాడైంది ఏది, కొన్నిచోట్లే పాడైంది ఏది? ముందు వేరు చెయ్యి." విలేకరిగా నేను ఇతరులను అడగాల్సిన ప్రశ్న.

వేరు చేసి చూస్తే, ఉర్దూ మసక అన్ని ప్రింట్లలోనూ ఉంది. అంటే తప్పు ఫైలులోనే. తెలుగు మాత్రం ఇంటి ప్రింటర్ మీద సాఫ్‌గా వచ్చింది, దుకాణంలో కొంచెం ముద్దగా, ప్రెస్సులో విరిగి. అంటే అది తెరిచిన సాఫ్ట్‌వేర్ల తేడా.

ముందు ఉర్దూ సంగతి. పీడీఎఫ్‌ను నాలుగు వందల శాతం దాకా పెద్దది చేసి చూడండి. అక్షరం అంచు అప్పటికీ కత్తితో కోసినట్లు ఉంటే అది గీతలతో చేసిన అక్షరం, ఎంత పెద్దగా ప్రింట్ చేసినా చెడదు. మెట్లు మెట్లుగా, చిన్న చిన్న గళ్లుగా కనబడితే అది అక్షరం కాదు, అక్షరం తస్వీర్. నా రుఖాలో తెలుగు మొదటి రకం, ఉర్దూ రెండో రకం. ఛత్తా బజార్‌లో ఒక పెద్దాయన ఇన్‌పేజ్‌లో టైప్ చేసి, బొమ్మ ఫైలుగా మార్చి వాట్సాప్‌లో పంపారు. దాన్ని నేను వర్డ్‌లో తెలుగు పక్కన అతికించాను. అంతా ఇక్కడే అయిపోయింది. ఫొటోగా పంపిన దేన్నైనా వాట్సాప్ కుదిస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే ముట్టుకోదు. తర్వాత వర్డ్ సేవ్ చేసేటప్పుడు మనకు చెప్పకుండానే బొమ్మలను ఇంకోసారి కుదిస్తుంది. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, బొమ్మలను కుదించవద్దని టిక్ పెడితేనే ఆగుతుంది. ఆ తర్వాత పీడీఎఫ్ చేసేటప్పుడు 'స్టాండర్డ్', 'మినిమమ్ సైజ్' అని రెండు అడుగుతుంది. ఆపాకు ఫోన్‌లో త్వరగా తెరుచుకోవాలని నేను మినిమమ్ ఎంచుకున్నాను. మూడు కోతలు. పెద్ద అక్షరాలు ఎలాగో బతికాయి, నుక్తా బతకలేదు.

స్క్రీన్ ఎందుకు మోసం చేసిందంటే, దానికి అంగుళానికి వందో నూటయాభయ్యో చుక్కలుంటాయి. ఆ కాస్త సమాచారం దానికి సరిపోయింది. ప్రింటర్ అంగుళానికి ఆరు వందల చుక్కలు వేస్తుంది, లేనివి ఎక్కడి నుంచి తెస్తుంది? పైగా బొమ్మలోని అక్షరం అంచులు నలుపు కాదు, బూడిద రంగు. ప్రింటర్ దగ్గర ఉండేది నల్ల పొడి ఒక్కటే. కాబట్టి బూడిదను చిన్న చిన్న నల్ల చుక్కలుగా చెదరగొడుతుంది. చుక్కను చుక్కలు చేస్తే ఇంక మిగిలేదేముంది?

ఇక్కడ నస్తాలీఖ్ గురించి కొంచెం చెప్పకుండా ఉండలేను. ఈ ఖత్‌లో నుక్తా గుండ్రంగా ఉండదు, ఖలం మొనను ఒక్కసారి ఏటవాలుగా ఆనించితే వచ్చే వజ్రం ఆకారం. అలిఫ్ ఎంత ఎత్తు, బే ఎంత పొడవు అన్నది కాతిబ్‌లు నుక్తాలతోనే కొలుస్తారు. అది లేకపోతే కొలతే లేదు. అక్షరాలు పైనుంచి ఏటవాలుగా కిందికి దిగుతూ ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి కాబట్టి దీన్ని సీసపు అచ్చుల్లోకి తేవడం కుదరలేదు. ఉర్దూ పత్రికలు చాలాకాలం కాతిబ్‌ల చేతిరాతతో లిథోలోనే అచ్చయ్యాయి. పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ మోనోటైప్ కంపెనీతో కలిసి దాదాపు ఇరవై వేల అక్షర కూర్పులను గీయించి నూరీ నస్తాలీఖ్ తెచ్చారు. 1981లో లాహోర్ 'జంగ్' పత్రిక దానితో అచ్చయింది. దాన్ని మామూలు కంప్యూటర్‌కు తెచ్చిన ఇన్‌పేజ్ 1994లో ఢిల్లీలో తయారైంది. అంత మెహనత్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించిన నుక్తాను నేను మూడు క్లిక్కుల్లో పోగొట్టాను.

ఇక తెలుగు. దుకాణంలో ముద్దగా రావడానికి కారణం మర్నాడు దొరికింది. అడోబీ రీడర్ ప్రింట్ పెట్టెలో 'అడ్వాన్స్‌డ్' నొక్కితే 'ప్రింట్ యాజ్ ఇమేజ్' అని ఒక టిక్ ఉంటుంది. ఫాంట్ సరిగా రాక అక్షరాలు పిచ్చిగీతల్లా వచ్చినప్పుడు దాన్ని పెడితే పేజీ మొత్తం ఒక ఫొటోగా మారి ప్రింటర్‌కు వెళ్తుంది. ఆ పూట ఎవరిదో ఫారం కోసం పిల్లవాడు పెట్టాడు, తీయడం మరచిపోయాడు. అంటే అమ్మీ పేరుకు అక్కడ నాలుగో కోత పడింది. టిక్ తీసి మళ్లీ ప్రింట్ చేస్తే తెలుగు ఇంట్లో వచ్చినట్లే వచ్చింది. "ఇది నాకు ఎవరూ చెప్పలే సార్" అన్నాడు. వాడి మీద కోపం రాలేదు, నాకు మాత్రం ఎవరు చెప్పారు గనక.

ప్రెస్సులో వత్తులు విరగడం వేరే కథ. పీడీఎఫ్ ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటాయని నమ్ముకున్న ఫాంట్లు పద్నాలుగే. టైమ్స్, హెల్వెటికా, కొరియర్ వంటివి. తెలుగూ లేదు, ఉర్దూ లేదు. మనవి ఫైలులోనే ప్యాక్ అయి వెళ్లాలి. ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ అనే చోట పేరు పక్కన 'ఎంబెడెడ్ సబ్‌సెట్' అని ఉందో లేదో చూడాలి. నా ఫైలులో ఉంది. కానీ కోరెల్‌డ్రా పీడీఎఫ్‌ను చూపించదు, విప్పి మళ్లీ కుడుతుంది. విప్పేటప్పుడు అక్షరాలను టెక్స్ట్‌గా తీసుకోనా, కర్వ్స్‌గా తీసుకోనా అని అడుగుతుంది. ఆపరేటర్ టెక్స్ట్ అన్నాడు. ఆ మిషన్‌లో నా తెలుగు ఫాంట్ లేదు. ఏదో ఇంకోటి వచ్చి కూర్చుంది. కర్వ్స్ అంటే అక్షరాలు గీతలైపోతాయి, దిద్దడం కుదరదు గానీ విరగవు.

ప్రెస్సు ఓనర్ నడివయసు మనిషి. అయన చెప్పింది మాత్రం నాకు నిజంగా తెలియదు. "సార్, మీ నలుపు నలుపు కాదు" అన్నాడు. వర్డ్ ఇచ్చే నలుపు స్క్రీన్ రంగుల నలుపు, దాన్ని ఆఫ్‌సెట్ ప్లేట్లకు మార్చితే నాలుగు ఇంకులు కలిపిన నలుపు అవుతుంది. ప్లేట్ వెంట్రుకవాసి జరిగినా చిన్న అక్షరాల పక్కన ఎర్రగానో నీలంగానో నీడ. "నుక్తా అన్నారు కదా, అది నాలుగు నుక్తాలు అయితది." ఒక్క నల్ల ఇంకుకే మార్చి పెట్టాడు. ప్రింట్ చేసేటప్పుడు 'ఫిట్' కాకుండా 'యాక్చువల్ సైజ్' పెట్టమని కూడా చెప్పాడు, లేకపోతే కార్డు కొలత కొంచెం తగ్గిపోతుందట.

ఛత్తా బజార్‌కు మళ్లీ వెళ్లాను. పెద్దాయనకు సంగతి చెప్పి, బొమ్మ వద్దు జనాబ్, అక్షరాలు గీతలుగానే ఉండేట్లు పీడీఎఫ్ ఇవ్వండి అని అడిగాను. "మీరు వాట్సాప్‌లో పంపమన్నారు, పంపాను. ముందే అడిగితే ఇదే ఇచ్చేవాణ్ణి కదా మియాఁ" అన్నారు. పెన్ డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి కూతురూ నేనూ అమ్మీ పేరును ఆరువేల నాలుగు వందల శాతం దాకా పెద్దది చేశాం. స్క్రీన్ నిండా ఒక్క నుక్తా. నాలుగు మూలలూ పదునుగా.

"ఇది దాదీ పేరులోదేనా?" అని అడిగింది. అవునన్నాను. తెలుగువైపు చూసి, "మనం ఇక్కడ 'జ' అని రాశాం, దీనికి నుక్తా ఎక్కడ పెట్టాలి?" అంది. తెలుగులో దానికి చోటు లేదు బేటీ అన్నాను.

కార్డులు జుమా నాడు వచ్చాయి. నమాజ్ నుంచి వచ్చి చూస్తే అబ్బా మంచం మీద కట్టలు విప్పుకుని కూర్చున్నారు. భూతద్దం ఉంది. పక్కన కొత్త నల్ల జెల్ పెన్ కూడా ఉంది, ఎవరి చేత తెప్పించుకున్నారో. ఒక్కొక్క కార్డూ తీసి, భూతద్దం ఒకేచోట ఆనించి చూసి, పక్కన పెడుతున్నారు. నా కూతురు కట్ట అందిస్తోంది. నలభై దాకా చూశారు. తర్వాత పెన్ మూత పెట్టి, తెలుగువైపు తిప్పి, "ఇదర్ క్యా లిఖే, పఢ్‌కే సునా బేటీ" అన్నారు.

అది చదివింది. రెండో వరుసలో వలీమా టైము ఉర్దూవైపు ఎనిమిదిన్నర అని ఉంటే తెలుగువైపు ఎనిమిది అని ఉంది.